హ్యాండిల్ ఎడమకు తిప్పితే

పోయిన వారం మనం టెస్టర్ అక్కను, తమ్ముడి మోటార్ సైకిలు సీటు విప్పుతుండగా వదిలిపెట్టి వచ్చాం. ఆ సీటు ఇంకా ఆమె చేతిలోనే ఉంది. మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం జరిగింది నాలుగు మాటల్లో చెప్పుకుని ముందుకు పోదాం.

తమ్ముడు రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తాడు. ఊళ్ళోని చిన్న చిన్న క్లినిక్కులు తిరిగి, అక్కడ తీసి ఉంచిన రక్తం ట్యూబులను చల్లని డబ్బాలో పెట్టుకుని సాయంత్రంలోగా ల్యాబ్‌కు చేర్చాలి. నర్సు రాని రోజున పనికొస్తుందని రక్తం తీయడం కూడా నేర్చుకున్నాడు. దారి చూపడానికీ, మనిషి ఎక్కడున్నాడో ఆఫీసుకు తెలియడానికీ బండి హ్యాండిల్‌కు ఒక జీపీయస్ బిగించారు. వరసగా మూడు గురువారాలు అది మధ్యాహ్నం పూట నలభై నిమిషాలు మూగబోయింది. ఆ మూడు గురువారాలూ డబ్బాలో జాబితాలో ఉన్నవాటికంటే ఒక ట్యూబు ఎక్కువ తేలింది. తగ్గితే పారేసుకున్నాడనుకోవచ్చు, పెరిగితే ఏమనుకోవాలి? తను ఎక్కడా ఆగలేదనీ, లోపం వైరింగులోనే ఉందనీ తమ్ముడు ఒట్టేసి చెప్పాడు. శనివారం నాలుగింటికి షెడ్డుకే వస్తాననీ, లోపం వైరులో ఉందో మనిషిలో ఉందో అప్పుడు చూపించమనీ ల్యాబ్ ఇన్‌చార్జి చెప్పి వెళ్ళాడు.

ఇక్కడే ఉంది అసలు తిరకాసు. నాలుగు నెలల కిందట ఆ జీపీయస్‌కు బ్యాటరీ నుంచి కరెంటు లాగింది టెస్టర్ అక్కే.

ఆమెకా పేరు కొప్పు వల్ల వచ్చింది. పిడిలో చిన్న బల్బు ఉండే సూది టెస్టరును ఎప్పుడూ కొప్పులో గుచ్చుకుని ఉంటుంది. దాని క్లిప్పు వైరు మెడ వెనక జడకుచ్చులా వేలాడుతుంటుంది. నలభై రెండేళ్ళ మనిషి. రేకుల షెడ్డులో బళ్ళకు వైరింగు చేయడం మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. ఆమె వేసిన జాయింటు ఊడిందని ఇంతవరకు ఒక్క బండి కూడా తిరిగి రాలేదు. అలాంటి మనిషి ఇవాళ తన పనిలో తప్పు దొరికితే బాగుండునని కోరుకుంటూ వెతుకుతోంది. తప్పు తన చేతిదైతే పోయేది పేరొక్కటే. తప్పు తమ్ముడి నోటిదైతే తమ్ముడే పోతాడు.

సీటు పక్కన పెట్టి బ్యాటరీ మూత తీసింది. క్లిప్పును ఇనుప చట్రానికి తగిలించి, టెస్టరు మొన ప్లస్ మీద పెట్టింది. బల్బు వెలిగింది. ఫ్యూజుకు ఇవతల చూసింది, అవతల చూసింది, రెండు వైపులా వెలిగింది. ఫ్యూజు దాటాక ఉన్న జాయింటు మీది ప్లాస్టిక్ స్లీవు కోసి చూసింది. మెలిపెట్టి టంకం వేసిన తీగలు పెళ్ళినాటి నగల్లా మెరుస్తున్నాయి. చూసుకుని కాస్త మురిసింది, మరుక్షణమే మురిసినందుకు తనను తాను తిట్టుకుంది.

రేకు అడ్డానికి అవతల కంప్రెసరు ఆగింది. ముక్కుకు కట్టుకున్న గుడ్డ గడ్డం కిందికి లాక్కుంటూ ఆమె భర్త వచ్చాడు. బళ్ళ ట్యాంకులకు రంగు కొట్టే ఆయన్ని అందరూ పెయింటర్ అనే పిలుస్తారు.

"ఏమే, ఇంకా తవ్వుతూనే ఉన్నావా?"

"నాలుగింటికి ఆయనొస్తాడుగా."

"వస్తే రానీ. ఆ జీపీయస్ డబ్బాయే నాసిరకం అని చెప్పు. వైరింగు జోలికెళ్ళి నీ పేరెందుకు చెడగొట్టుకుంటావు? సీటు బిగించెయ్."

"చూడకుండా ఎలా చెప్తానయ్యా?"

"సర్లే, నీ ఇష్టం. సాయంత్రం ఇంటికెళ్ళగానే మోటారు వెయ్యాలి, గుర్తుపెట్టుకో. ట్యాంకులో నీళ్ళు లేవు."

"నిన్ననే కదా నింపాను. ఉన్నది ఇద్దరం. ఏనుగునేమైనా పెంచుతున్నామా?"

పెయింటర్ నవ్వేశాడు. వెళ్ళేముందు తెరిచి ఉన్న బ్యాటరీ వైపు ఒకసారి, ఆమె ముఖం వైపు ఒకసారి చూశాడు. గంటలో ఆయన ఇటు రావడం ఇది మూడోసారి. రంగు తడిగా ఉండగా అడ్డం దాటని మనిషి ఆయన. దుమ్ము పడుతుందని పక్కన పిడుగు పడినా కదలడు. ఇవాళ ట్యాంకు మీద ఎర్ర రంగు నిగనిగలాడుతుంటే వదిలేసి మూడుసార్లు వచ్చాడు, మూడుసార్లూ సీటు బిగించెయ్యమనే చెప్పాడు. అక్కకు ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకున్నట్టయింది. అయినా తలవంచుకుని పనిలో పడింది.

రెండున్నరకు తమ్ముడు వచ్చాడు. ముప్ఫై రెండేళ్ళ వాడు, అక్క దగ్గరికి వస్తే మాత్రం పన్నెండేళ్ళ వాడిలా నడుస్తాడు. స్టూలు లాక్కుని కూర్చుని, నేల మీద పడి ఉన్న నట్లను సైజుల వారీగా పేర్చడం మొదలుపెట్టాడు.

"ఏమైనా దొరికిందా అక్కా?"

"ఇంకా లేదు. నట్లు నేను పేర్చుకుంటాలే గానీ, లేచి ఆ హ్యాండిల్ పట్టుకో."

మిగిలింది ఒక్క చోటే. వైరు సీటు కింద నుంచి ట్యాంకు కిందుగా వెళ్ళి, హ్యాండిల్ తిరిగే మెడ దగ్గర పైకెక్కి జీపీయస్‌లోకి పోతుంది. ఆ మెడ దగ్గర నాలుగు వేళ్ళు వదులుగా వదలాలి. వదలకపోతే హ్యాండిల్ తిప్పినప్పుడల్లా వైరు సాగుతుంది, పైతొడుగు బాగానే ఉండి లోపల రాగి తీగలు ఒక్కొక్కటే తెగుతాయి. పని నేర్పిన ముసలాయన ఆమెకు మొదటి రోజు చెప్పిన మొదటి పాఠం ఇదే. అందుకే అక్కడ తప్పు ఉంటుందని ఆమె అనుకోనే లేదు, అందుకే అది చివరికి మిగిలింది.

"కుడికి తిప్పు."

తిప్పాడు. జీపీయస్ పచ్చదీపం వెలుగుతూనే ఉంది.

"ఎడమకి. ఇంకా. చివరిదాకా తిప్పరా."

దీపం ఆరింది. బొమ్మ మాయమై తెర నల్లబడింది.

 తమ్ముడు హ్యాండిల్ నిటారుగా తెచ్చాడు, దీపం వెలిగింది. మళ్ళీ చివరిదాకా ఎడమకు తిప్పాడు, ఆరింది. అక్క వంగి మెడ దగ్గర వేలు పెట్టి తడిమింది. ప్లాస్టిక్ టై వైరును చట్రానికి బిర్రుగా బిగించి పట్టుకుని ఉంది. నాలుగు వేళ్ళు కాదు కదా, గోరు దూరేంత వదులు కూడా లేదు. ఎందుకలా బిగించిందో ఆమెకు వెంటనే గుర్తొచ్చింది. అది తమ్ముడు పనిలో చేరే రోజు. వైరు ఎక్కడా వేలాడకుండా, చూసినవాళ్ళు మీ అక్క పని ఎంత శుభ్రంగా ఉందనేలా ఉండాలని ముచ్చటపడి లాగి కట్టింది. పరాయివాళ్ళ బండికి ఆ పని చేసేది కాదు.

"నా తప్పేరా," అంది. అంటుంటే ఆమె ముఖంలో పండగ. "నేనే చేశాను. ముచ్చట కొద్దీ బిగించి చచ్చాను."

"వైరే అన్నానా లేదా? నేను ముందే చెప్పలేదూ?" అన్నాడు తమ్ముడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియకుండా చేతి మణికట్టుతో కళ్ళు తుడుచుకున్నాడు.

మాటలు విని పెయింటర్ నాలుగోసారి వచ్చాడు. సంగతి చెబితే, ఆయన ముఖం బావమరిది ముఖంకంటే ఎక్కువ వెలిగిపోయింది. "దొరికింది కదా, ఇక చాలు. ఆయనొచ్చాక తిప్పి చూపించు, సంతకం పెట్టు, అయిపోయింది. మళ్ళీ మళ్ళీ కెలక్కు," అని చెప్పి, ఫ్లాస్కులో ఉన్న టీ మూడు గ్లాసుల్లో తనే పోశాడు. ఇరవై ఏళ్ళ కాపురంలో షెడ్డులో ఆయన టీ పోసింది ఎన్నడూ లేదు. అక్క గ్లాసు అందుకుంది గానీ తాగలేదు.

నిజానికి అక్కడితో ఆపేసి ఉంటే కథ ఈ వారమే అయిపోయేది. కానీ చేతిపని మనిషికి ఒక జబ్బుంటుంది. లోపం దొరికితే చాలదు, అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో గీత గీసి చూడాలి. ఆమె సుద్దముక్క తీసుకుని, హ్యాండిల్‌ను కొంచెం కొంచెంగా ఎడమకు తిప్పుతూ, దీపం ఆరిన చోట చట్రం మీద గీత పెట్టింది. చివరి కొసకు ఒక్క వేలెడు ముందు ఉంది ఆ గీత.

బండెక్కి షెడ్డు ముందున్న ఖాళీలో ఒక చుట్టు తిప్పింది. ఇరుకుగా మలిపినా దీపం ఆరలేదు. కాలు కింద పెట్టి, చచ్చీచెడీ ఉన్నచోటే మలిపితే ఒక్క క్షణం రెప్ప కొట్టి మళ్ళీ వెలిగింది. బండి ఆపి తాళం తీసింది. తాళం తీసినా జీపీయస్ వెలుగుతూనే ఉంది, బండి ఆగినా అది మాట్లాడుతూనే ఉండాలని ఆఫీసువాళ్ళు అడిగితే నేరుగా బ్యాటరీకి కలిపింది కాబట్టి. అలాగే కూర్చుని కాసేపు ఆలోచించింది. తర్వాత హ్యాండిల్‌ను ఎడమకు, చివరిదాకా తిప్పి, తాళంచెవి నొక్కి లాక్ వేసింది.

దీపం ఆరింది. ఆరి, ఆరినట్టే ఉండిపోయింది.

 బండి మీద నుంచి దిగకుండానే తమ్ముణ్ణి పిలిచింది.

"ఒరేయ్. క్లినిక్కు దగ్గర ఆగితే లాక్ వేస్తావా?"

"లేదక్కా. ట్యూబులు తీసుకుని రెండు నిమిషాల్లో వచ్చేస్తాను, తాళంచెవి తీసుకుంటానంతే."

"మరి నలభై నిమిషాలు హ్యాండిల్ పూర్తిగా ఎడమకి తిప్పుకుని ఏ మహానుభావుడు బండి తోలతాడు?"

 తమ్ముడు తను పేర్చిన నట్ల వరసను కాలితో చెదరగొట్టాడు.

"రైలు గేటు పడింది."

"మూడు గురువారాలూ?"

"ట్రాఫిక్ కూడా..."

"గేటు దగ్గరైనా ట్రాఫిక్‌లోనైనా లాక్ వేసుకుని నిలబడతారా? నా దగ్గర నీ పప్పులుడకవు. నువ్వు బండి ఆపావు, లాక్ వేశావు, నలభై నిమిషాలు ఎక్కడో ఉన్నావు. ఎక్కడున్నావు?"

"నన్నడక్కక్కా."

అడగనంటే టెస్టర్ అక్క ఎలా అవుతుంది. లాక్ తీసి హ్యాండిల్ నిటారు చేసింది. తెర వెలిగింది. ఆఫీసుకు పది నిమిషాలకోసారి ఒక్క చుక్కే వెళుతుంది. వాళ్ళకు ఫ్లైఓవరు దగ్గర ఒక చుక్క, నలభై నిమిషాల తర్వాత అదే ఫ్లైఓవరు దగ్గర ఇంకో చుక్క మాత్రమే కనబడ్డాయి. కానీ తిరిగిన దారినంతా ఈ డబ్బా తన కడుపులో దాచుకుంటుంది. అది తెర మీద ఎలా తెరవాలో బిగించిన మనిషికి తెలుసు, తోలే మనిషికి తెలియదు. ఆమె రెండు మూడు చోట్ల నొక్కింది. తేదీలు వచ్చాయి. మొన్నటి గురువారం తీసింది.

సన్నని నీలం గీత ఫ్లైఓవరు దిగింది. పక్క రోడ్డులోకి తిరిగింది. మంచినీళ్ళ ట్యాంకు దాటి, పదకొండు ఇళ్ళున్న ఒక సందులోకి వచ్చి, ఏడో ఇంటి ముందు ఆగిపోయింది. రెండూ పదికి ఆగింది. కొత్త గీత రెండూ యాభైకి అక్కడి నుంచే మొదలైంది. అంతకు ముందు గురువారం అదే ఇల్లు. ఆ ముందు గురువారమూ అదే.

ఏడో ఇంటి గేటు ఎర్రగా ఉంటుంది. మిగిలిపోయిన కారు రంగుతో పెయింటర్ కొట్టాడు. కింద రెండు గదులు, పెరటి వైపు మెట్లు, పైన ఒక గది. పైగదిలో రంగు డబ్బాలు పెట్టానని, వాసనకు తలనొప్పి వస్తుందని, అటు వెళ్ళొద్దని ఆయన నెల కిందట చెప్పాడు. చెప్పకపోయినా ఆమె వెళ్ళదు. మోకాళ్ళ నొప్పితో ఏడాదిగా ఆ మెట్లెక్కలేదు.

అది ఆమె ఇల్లు.

"గురువారం," అంది మెల్లగా. షెడ్లకు గురువారం మధ్యాహ్నం కరెంటు ఉండదు. కంప్రెసరు నడవదు కాబట్టి ఆ పూట పెయింటర్ కునుకు తీయడానికని ఇంటికి వెళ్ళిపోతాడు. చేత్తో చేసే పనులుంటాయి కాబట్టి ఆమె షెడ్డులోనే ఉండిపోతుంది. అంటే ఆ నలభై నిమిషాలు మొగుడూ తమ్ముడూ ఇద్దరూ ఆమె ఇంట్లోనే ఉన్నారు, ఒక్కరూ ఆమెకు చెప్పలేదు.

ఆమెకు కోపం కంటే ముందు ఏడుపొచ్చింది. మొదటి నుంచి చదువుతున్నవాళ్ళకు తెలుసు ఎందుకో. ఆమెకు పద్నాలుగేళ్ళు, వీడికి నాలుగేళ్ళు ఉన్నప్పుడు, ముప్ఫై మూడేళ్ళ తల్లి ఒక పొద్దున చెప్పులేసుకుని వెళ్ళి మళ్ళీ రాలేదు. వీడికి అన్నం తినిపించిందీ, జ్వరమొస్తే తెల్లార్లూ తడిగుడ్డ వేసిందీ, బడిలో పేరు రాయించిందీ ఆమే. పెళ్ళప్పుడు పెయింటర్‌కు ఆమె పెట్టిన షరతు కూడా ఒక్కటే, తల్లి మాట తన ఇంట్లో ఎవరూ ఎత్తకూడదని. ఇరవై ఏళ్ళుగా ఎవరూ ఎత్తలేదు.

"నా ఇంట్లో నాకు తెలియకుండా ఏం చేస్తున్నార్రా మీరిద్దరూ?"

తమ్ముడు తల ఎత్తలేదు. "మాటిచ్చాను."

"ఎవరికి?"

వాడి కళ్ళు రేకు అడ్డం వైపు వెళ్ళి వచ్చాయి. అవతల కంప్రెసరు ఎప్పుడో ఆగిపోయింది. పెయింటర్ అడ్డం పక్కనే నిలబడి ఉన్నాడు, ఎంతసేపటి నుంచి విన్నాడో తెలియదు.

అప్పుడు అక్కకు ఒక్కసారిగా అంతా పొంతన కుదిరినట్టనిపించింది. డబ్బాలో ఎక్కువైన ట్యూబు. రక్తం తీయడం తెలిసిన తమ్ముడు. ఈ మధ్య దగ్గుతున్న మొగుడు. పాతికేళ్ళుగా రంగు పీల్చిన ఊపిరితిత్తులు. ఆమె బండి దిగి గబగబా వెళ్ళి ఆయన చొక్కా చేయి పట్టుకుంది.

"నీకేమయిందయ్యా? నాకెందుకు చెప్పలేదు?"

"నాకేం కాలేదే."

"అబద్ధాలు చెప్పకు. చెయ్యి చూపించు."

మోచేయి దాకా చొక్కా పైకి మడిచింది. ఎర్ర రంగు చుక్కలే ఉన్నాయి. రెండో చెయ్యి లాగి చూసింది. అక్కడా సూది గుచ్చిన మచ్చ లేదు. మొన్న గురువారం రక్తం తీస్తే ఇంకా కమిలి ఉండాలి. ఆయన ఆమెను ఆపలేదు, చిన్నపిల్లాడిలా రెండు చేతులూ చాపి నిలబడ్డాడు.

"నాది కాదే," అన్నాడు. "నాదైతే నీకు చెప్పడానికి భయపడేవాణ్ణి కాదు."

ఆ మాటతో ఆమె ఆయన చేతులు వదిలేసింది. ఆయనది కాదు, తమ్ముడిది కాదు, తనది కాదు. మరి ఆ ఇంట్లో ఎవరి రక్తం? ఏ మనిషి పేరు చెబితే తను మండిపడుతుందని వీళ్ళిద్దరూ వణుకుతున్నారు? నోటిదాకా వచ్చిన ప్రశ్న నోట్లోనే ఉండగా షెడ్డు ముందు స్కూటరు ఆగింది. గోడ గడియారం సరిగ్గా నాలుగు చూపిస్తోంది.

ఇన్‌చార్జి బక్కపల్చటి మనిషి. చంకలో ఒక ఫైలు. ముగ్గురి ముఖాలూ ఒకసారి కలియజూసి, "వేళకాని వేళ వచ్చానా?" అన్నాడు.

"లేదు సార్, రండి," అంది అక్క. బండి దగ్గరికి తీసుకెళ్ళింది. "లోపం నాదే. మెడ దగ్గర వైరుకు వదులు వదల్లేదు. లోపల తీగ తెగింది. చూడండి."

హ్యాండిల్ ఎడమకు తిప్పింది. దీపం ఆరింది. ఇన్‌చార్జి తనే పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. చట్రం మీద సుద్ద గీతను వేలితో తాకాడు. ఫైలు తెరిచి, ముందే టైపు చేసి తెచ్చిన కాగితం ఒకటి తీసి సీటు మీద పెట్టాడు.

"వైరింగు లోపం వల్ల జీపీయస్ ఆగిపోయిందని రాసుంది. చేసింది మీరే కాబట్టి మీ సంతకం కావాలమ్మా."

అక్క పెన్ను తీసుకుంది. కాగితంలో ఉన్నది అబద్ధం కాదు. వైరింగు లోపం వల్లే ఆగింది. సంతకం పెడితే తమ్ముడి పని నిలుస్తుంది, ఈయన వెళ్ళిపోతాడు, ఇంటి గుట్టు ఇంట్లోనే ఉంటుంది.  తమ్ముడు ఆమె వైపు చూడలేక నేల చూస్తున్నాడు. చిన్నప్పుడు అద్దం పగలగొట్టి, అక్క తన మీద వేసుకుంటుందని తెలిసి ఇలాగే నిలబడేవాడు.

పెన్ను కాగితం మీద ఆనించి, మళ్ళీ తీసేసింది.

"సార్, ఇందులో ఇంకో మాట చేర్చాలి. ఇది మలుపుల్లో ఆరదు. బండి ఆపి లాక్ వేస్తేనే ఆరి ఉండిపోతుంది. మా వాడు ఆగలేదన్నది అబద్ధం. వాడు ఆగింది మా ఇంటి ముందు. ఎందుకో నాకింకా తెలియదు. నా పని గురించి సగం నిజం రాసి సంతకం పెట్టలేను."

"అక్కా," అన్నాడు తమ్ముడు. 

ఇన్‌చార్జి ఆశ్చర్యపోలేదు. కాగితం వెనక్కి తీసుకుని మడిచాడు. "లాక్ సంగతి హ్యాండిల్ తిప్పగానే నాకూ తెలిసిందమ్మా. నేనూ బండి తోలేవాణ్ణే. మీరు చెబుతారా లేదా అని చూశాను. నిజం చెప్పాలంటే నేనివాళ వచ్చింది వైరు కోసం కాదు."

ఫైలులోంచి ఒక చిన్న ప్లాస్టిక్ కవరు తీశాడు. లోపల ట్యూబు మీద నుంచి ఒలిచిన చీటీ ఉంది.

"మీ తమ్ముడు మా టెక్నీషియన్‌ను బతిమాలి ఈ ట్యూబు పరీక్ష చేయించాలనుకున్నాడు. మొదటి రెండూ ఆవిడ భయపడి పక్కన పడేసింది. మొన్నటిది నేనే మిషన్‌లో పెట్టాను. దొంగ వ్యాపారం ఏమైనా చేస్తున్నాడేమో కనిపెడదామని పెట్టాను. రిపోర్టు చూశాక ఆ ఆలోచన పోయింది. బాగోలేదమ్మా. ఆ మనిషిని ఇవాళే పెద్దాసుపత్రిలో చేర్చాలి, రేపటిదాకా ఆగకూడదు. ఎవరని అడుగుదామంటే చీటీ మీద పేరు లేదు."

కవరు ఆమె చేతికిచ్చాడు. తమ్ముడి గుండ్రటి అక్షరాలు. ఆ అక్షరాలు దిద్దించింది ఆమే. స్త్రీ, అరవై ఒకటి. అంతే ఉంది.

ముప్ఫై మూడుకు ఇరవై ఎనిమిది కలపడానికి అక్కకు వేళ్ళు అక్కర్లేదు. ప్రతి పుట్టినరోజుకూ, ఎంత వద్దనుకున్నా, తల్లి వయసు ఆమెలో తనంతట తనే పెరుగుతూ వచ్చింది. ఖాళీ అవుతున్న నీళ్ళ ట్యాంకు గుర్తొచ్చింది. రాత్రిళ్ళు నెత్తిమీద వినిపించే ఫ్యాను చప్పుడు పక్కింటిదని మొగుడు చెబితే నమ్మడం గుర్తొచ్చింది. కొప్పులోంచి టెస్టరు జారి నేల మీద పడింది, ఆమె వంగి తీసుకోలేదు.

"ఏమయ్యా," అంది మొగుడితో, చీటీ మీద నుంచి చూపు ఎత్తకుండా. "పైగది తాళం ఇటివ్వు."

పెయింటర్ జేబు తడుముకోలేదు.

"దానికి తాళం ఎప్పుడు వేశానే? నెల రోజులుగా తలుపు తీసే ఉంది. మెట్లెక్కనిది నువ్వే."